గడియ వేసిన గదిలో నా పిడికిట్లోకి వచ్చిన తాళంచెవి

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడానికి నాకున్నంత గట్టి కారణం ఇంకెవరికీ ఉండదు. కర్నూలు నుంచి శ్రీశైలానికి ఇరవై రెండేళ్లుగా యాత్రికుల బండి తోలుతున్నాను. నల్లమలలో తిరుగుతున్నాయని జనం చెప్పుకునే దెయ్యాల్లో సగం నేను పుట్టించినవే. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వెనక సీట్లవాళ్లకు వాంతులు రాకుండా ఉండాలంటే మనసు మళ్లించాలి. మొదట్లో మలుపుకొక దెయ్యం చొప్పున చెప్పేవాణ్ణి. తర్వాత మలుపులు చాలక ఒక్కో మలుపులో కుటుంబాలనే కాపురం పెట్టించాను.

కాబట్టి కింద రాసేదాంట్లో నేను పెంచిన చోట పెంచానని నేనే చెప్తాను. తాళంచెవి సంగతి మాత్రం పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

నేను మొదటిసారి తెలివితప్పి పడింది ఆత్మకూరులో, పొద్దున టిఫిన్ దగ్గర. ఉగ్గాని ప్లేటు చేతిలో ఉంది, బజ్జీ ఇంకా కొరకలేదు. ముక్కుకు వేయించిన శనక్కాయల వాసన తగిలింది. ఆ హోటల్లో శనక్కాయలు వేయించరు. మళ్లీ కళ్లు తెరిచేసరికి ఆత్మకూరు జనాభా మొత్తం నా మీదికి వంగి ఉంది. సరే, ఓ పాతికమంది. నా రెండు పిడికిళ్ల నిండా తాళంచెవులు.

మా వైపు ఎవరైనా ఉన్నట్టుండి పడిపోతే, నీళ్లకంటే ముందు చేతిలో ఇనుము పెడతారు. ఇనుము తగిలితే మూర్ఛ దిగిపోతుందని నమ్మకం. మోటారుసైకిలు తాళం, బీరువా తాళం, దుకాణం షట్టరు తాళం, ఎవరి జేబులో ఏది ఉంటే అది. నాకు పదకొండు గుత్తులు పెట్టారు. నాలుగే అని హోటలాయన అంటాడు. నేను పిడికిలి వదలకపోవడంతో, బండ్లు తీయలేక అందరూ నేను లేచేదాకా అక్కడే కాపలా ఉన్నారంట. నా ఆరోగ్యం కోసం అంతమంది ఎదురుచూడడం అదే మొదలు.

"ఏమప్పా, ఫిట్స్ ఉండాయని ముందే చెప్పకూడదా? బండ్లో పన్నెండు మందిని ఎక్కించుకోని పోతాండావే" అన్నాడు హోటలాయన.

ఆ మాట నా పన్నెండు మందికీ వినబడింది. సంచులు దించుకుని బస్టాండు వైపు నడిచారు.

రెండోసారి కడపలో, మా బామ్మర్ది కొత్తింటి గృహప్రవేశంలో, మధ్యాహ్నం భోజనాల వరసలో పడ్డాను. మళ్లీ అదే వాసన. ఈసారి ఆ కొత్తింటి తాళంచెవే నా చేతిలో పెట్టారు. శుభమా అని ఇల్లు కట్టుకుంటే మొదటి రోజే దాని తాళం దీనికి పనికొచ్చిందని బామ్మర్దికి కడుపుమంట. నా కాళ్లు చేతులు పది నిమిషాలు కొట్టుకున్నాయని అతను చుట్టాలందరికీ చెప్పాడు. అసలు కొట్టుకోనేలేదు, ఎండకు సోలి పడ్డాడని మా ఆవిడ సుబ్బమ్మ వాదించింది. అన్నం వరసలో మొదలైన ఆ వాదన పెరుగన్నం దాకా సాగింది.

కర్నూలులో నరాల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. నిదానస్తురాలు. పడ్డప్పుడు ముఖం పాలిపోయిందా, నీలంగా మారిందా, కళ్లు తెరిచి ఉన్నాయా, నాలుక కొరుక్కున్నానా, తేరుకోవడానికి ఎంతసేపు పట్టిందని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. రెండో వాక్యానికే సుబ్బమ్మ అడ్డుకుంది.

"ఈయప్ప చెప్పేదాంట్లో సగం తీసేసి రాసుకోండి మేడమ్. తీసేసినా ఇంకా శానా మిగులుతాది."

తలకు ఓ వంద వైర్లు అతికించి మెదడు గీతలు తీశారు. ఇరవై అనుకోండి. గుండెకు వేరే పరీక్ష, రక్తానికి వేరే. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. అన్నీ బాగున్నాయి. అన్నీ బాగుంటే సంతోషించాలని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

"గీతలు బాగున్నంత మాత్రాన ఫిట్స్ లేవని చెప్పలేం" అంది డాక్టరమ్మ. "మామూలుగా సొమ్మసిల్లడం వేరు, ఇది వేరు. పడేటప్పుడు పక్కన ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగితే అన్ని పరీక్షలకంటే అదే ఎక్కువ. చేతిలో ఇనుము పెట్టకండి, దానివల్ల ఏమీ కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తేలేదాకా మీరు స్టీరింగు ముట్టుకోవద్దు."

ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి మా వంశంలో ఎక్కడినుంచి తేవాలి?

బండి మీద టార్పాలిన్ పట్ట కప్పాను. నాకు ఇంకో పని రాదు. యాభై ఏళ్లకు దగ్గరపడ్డాక నేర్పేవాళ్లూ లేరు. ఫిట్స్ అని తేలితే ఆ పట్ట ఇక తీయక్కర్లేదు. కాదని తేలితే మర్నాడే ఘాట్ ఎక్కొచ్చు. ఏదీ తేలకుండా మంచం మీద నెలలు గడిచాయి. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఎట్లా పడ్డావని అడిగేవాళ్లు. మొదట్లో ఉత్సాహంగా చెప్పేవాణ్ణి. ముప్పయ్యో మనిషి దగ్గరికి వచ్చేసరికి "పడినాను" అని ఊరుకునేవాణ్ణి. ఆ ఒక్క మాటకే సుబ్బమ్మ నిజంగా భయపడింది.

లోపల గడియ వేసుకోవద్దని తను గట్టిగా చెప్పి పెట్టింది. రెండు వీధుల అవతల కుట్టుపనికి పోతుంది, మధ్యాహ్నం దాటాక వస్తుంది. ఒకరోజు తను పోగానే గడియ వేశాను. ఇంకొక్క మనిషికి కూడా ఆ కథ చెప్పలేననిపించింది. మాది ఒకటే గది, వెనక వంటకు చిన్న చోటు. ఉన్నది ఒకటే తలుపు. కిటికీకి దోమలు రాకుండా నేనే ఇనుప జాలీ కొట్టాను, అగ్గిపుల్ల దూరదు.

మంచం మీది నుంచి లేవబోయాను. శనక్కాయల వాసన వచ్చింది.

తలుపు బాదుతుంటే తెలివి వచ్చింది. నేల మీద ఉన్నాను. ఒళ్లంతా రాళ్లు మోసినట్టు బరువు. గడియ వేసినది వేసినట్టే ఉంది. కుడి పిడికిలి బిగించి ఉంది. విప్పితే తాళంచెవి.

జానెడు పొడవని రాయబోయి, లేచి కొలిచి వచ్చాను. నాలుగు వేళ్లు. ఇనుముది, నల్లగా ఉంది, తుప్పు లేదు. రోజూ ఎవరో వాడుతున్నట్టు నునుపుగా ఉంది.

గోడ పట్టుకుని పోయి గడియ తీశాను. సుబ్బమ్మ, ఆమె వెనక పక్కింటి హుసేన్‌బీ. సుబ్బమ్మ నా ముఖం చూసింది, తర్వాత నా చెయ్యి చూసింది.

"లోపల గడియ ఏసుకోని పడితివి. ఇది ఎవరు పెట్టిరి నీ చేతిలో?"

"నీ ఆటలకు ఇదా సమయం అన్నా" అంది హుసేన్‌బీ.

ఆటలాడి అలసిపోయినవాడి ముఖం ఆమెకు తెలియదు. సుబ్బమ్మకు తెలుసు. గడప మీదే కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం ఆడవాళ్లిద్దరూ దాన్ని పట్టుకుని వీధిలో ప్రతి తాళానికీ పెట్టి చూశారు. దేనికీ పట్టలేదు. ఇల్లు మేము కట్టుకున్నదే, అంతకుముందు అది ఖాళీ జాగా. పాత పెట్టెలు లేవు, పాత తాళాలు లేవు.

డాక్టరమ్మకు చూపించాను. ఆమె నవ్వలేదు, నవ్వి ఉంటేనే నయమనిపించింది.

"మీరే ఎక్కడినుంచో తీసి పట్టుకుని ఉంటారు" అంది. "కొన్ని రకాల ఫిట్స్‌లో మనిషి లేస్తాడు, తిరుగుతాడు, వస్తువులు తీస్తాడు. తర్వాత ఏదీ గుర్తుండదు. తీసింది మీరేనైతే ఇది ఫిట్సేమో అని గట్టిగా అనుమానించాలి."

"ఇంట్లో లేనిదాన్ని యాడనుంచి తీస్తాడు మేడమ్?" అంది సుబ్బమ్మ.

"ఉందేమో, మీరు చూసి ఉండరు" అంది ఆమె. ఇంకో పెద్ద పరీక్షకు చీటీ రాసింది, రాత్రంతా మేలుకుని రావాలంట. ఆ మేలుకోవడం ఈమధ్య నాకు బాగా అలవాటే.

ఇదీ నా పరిస్థితి. తాళంచెవి నేనే తీసి ఉంటే నాకున్నది జబ్బు, బండికి పట్ట తీయక్కర్లేదు. నేను తీయకపోతే, మూసిన గదిలో ఎవరో నా పక్కన కూర్చుని, మనవాళ్లందరి లాగే అది నా చేతిలో పెట్టారు. మా ఆవిడ నా కోసం తగ్గించి చెప్తుంది, బామ్మర్ది తన కొత్తింటి కోసం పెంచి చెప్తాడు. ఏ మొహమాటమూ లేకుండా నేను పడడం చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే ఆ ఒక్కరే. డాక్టరమ్మ అడుగుతున్న సాక్షి వాళ్లే. దెయ్యం ఉంటే బాగుండునని కోరుకునే గతి నాకు పట్టింది.

నిన్న మధ్యాహ్నం సుబ్బమ్మ పనికి పోయాక, సిగ్గు విడిచి ఖాళీ గదిని అడిగాను.

"కొట్టుకుంటాంటినా, ఊరికే పడుంటినా? అది ఒక్కటి చెప్పు సామీ, ఇంకేమీ అడగను."

ఊపిరి మెల్లగా తీసుకుంటూ చాలాసేపు విన్నాను. ఏమీ వినబడలేదు. ఆ తాళంచెవి ఎక్కడిదో, నా చేతిలోకి ఎట్లా వచ్చిందో నాకు ఈరోజుకూ తెలియదు.