నా ట్రాన్సిస్టర్ శామ్యూల్ రేడియోలో

ఔత్సాహికులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియోకు అందే సన్నని సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్లిఫయర్ కిట్ ఒకటి ఇంట్లోనే కూర్చుకున్నాను. అది పని చేయలేదు. అబిడ్స్‌లో ఉండే నా స్నేహితుడు శామ్యూల్‌కు చూపిస్తే, ట్రాన్సిస్టర్ కాలిపోయిందని తీసేశాడు. అలాంటి దాని కోసం నాంపల్లి దాకా దుకాణాలన్నీ తిరిగినా దొరకలేదు.

ఈ రోజు శామ్యూల్ ఇంటికి వెళ్తే, అదే ట్రాన్సిస్టర్ లేక మూలపడి ఉన్న అతని ప్రీయాంప్లిఫయర్ బ్రహ్మాండంగా పని చేస్తోంది.

"నీకేడ దొరికింది ట్రాన్సిస్టర్?" అన్నాను.

"నీదే భాయ్. మంచిగనే ఉండె. నీ బోర్డుల ఒక్క టంకం సరిగ్గ పడలే, గంతే."

"మరి కాలిపోయిందన్నవ్?"

"గట్లంటెనే గదా నువ్వు ఇడిచిపెట్టేది!" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. చాయ్ ముట్టకుండా లేచి వచ్చేశాను.

ఇందాక రేడియోలో నన్ను పిలిచాడు. నేను గొణిగినా ఇప్పుడతనికి స్పష్టంగా వినిపిస్తుంది. అయినా పలకలేదు. మీరైతే పలికేవారా?