హోంగయ్ మూడంతస్తుల మడుగు

మా ఊళ్ళో పెళ్ళంటే మగవాడు మూటాముల్లె సర్దుకుని పెళ్ళాం ఇంటికి పోవడమే. ఇల్లూ పొలమూ ఆడవాళ్ళవి. తల్లి తర్వాత పెద్దకూతురికి, ఆమె తర్వాత ఆమె కూతురికి. నేనూ అలాగే ఇల్లరికపు మొగుణ్ణై హోంగయ్ గడప తొక్కాను. ఆ ఇంట్లో నా మాటకున్న విలువ గురించి మాత్రం అడక్కండి.

వయసులో ఉన్నప్పుడు మేమిద్దరం ఉత్తరాన పట్నంలో మేడలకు పరంజాలు కట్టాం. అంత ఎత్తున నాకు కాళ్ళు వణుకుతుంటే, ఆవిడ బొంగు మీద నిలబడి నింపాదిగా అన్నం తినేది. మోకాళ్ళు అరిగాక ఊరికి తిరిగొచ్చేశాం. ఇక హాయిగా కూర్చుని తినవే అంటే వింటేనా! ఇంటి వెనక చిత్తడినేలలో వాళ్ళక్క అఫాన్‌కు పూడిపోయిన మడుగొకటి ఉంది. దాంట్లో దిగింది. బురద తోడింది, గడ్డి పీకింది, కాలవ నుంచి నీటికి దారి చేసింది. ఆ తర్వాత ఊరి బడిపిల్లల్ని ప్రతి శనివారం పోగేసి పలకావ్ కట్టడం నేర్పసాగింది.

పలకావ్ అంటే మా ముత్తాతల నాటి చేపల ఇల్లు. మూడంతస్తులుంటుంది. అడుగున కణుపులు పొడిచిన లావుపాటి వెదురుబొంగులు, వాటిమీద సన్నకొమ్మల మోపులు, అన్నిటికీ పైన ఆకులతో సహా వెదురుమండలు. అడుగున వాలుగలూ మలుగులూ, నడిమి అంతస్తులో రొయ్యలూ చిరుచేపలూ, పైన పొలుసుచేపలూ కాపురముంటాయి.

"మరి వీటికి మేత ఎవరేస్తారత్తా?" అని హోంగయ్‌ని అడిగాడొక పిల్లాడు.

"ఎవరూ వెయ్యరు. పైవాళ్ళ పెంట కిందవాళ్ళకి కూడు."

పిల్లలు ఛీ ఛీ అంటూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ పాఠం మాత్రం ఒక్కరూ మర్చిపోలేదు.

మొదటేడు మా ఆవిడ తెలివి తెల్లారింది. పరంజా బుద్ధి ఎక్కడికి పోతుంది? వెదురైతే కుళ్ళిపోతుందని అడుగున ప్లాస్టిక్ గొట్టాలు వేసింది. నెలలు గడిచినా ఒక్క వాలుగ దూరితే ఒట్టు. చివరికి పిల్లల ముందే గొట్టాలన్నీ పీకి గట్టు మీద పారేసింది.

"మీ అత్తకి బుర్ర లేదర్రా! చూశారుగా? కుళ్ళేదే కావాలి. అది కుళ్ళితేనే ఇంకోదానికి తిండి. ఇంకో మాట వినండి. ఈ అడుగు బొంగుల్లో వాలుగ గుడ్లు పెట్టి పిల్లల్ని సాకుతుంది. చలికాలం వచ్చి ఆ పిల్లలు బయటపడేదాకా అడుగుజోలికి ఎవరూ పోకూడదు. దేవుడే దిగొచ్చి ఆకలన్నా సరే!"

అంతమంది ముందు అంత ఇదిగా తప్పు ఒప్పుకుంటుంటే నాకు భలే ముచ్చటేసింది. పైకి మాత్రం గొట్టాలు దండగైపోయాయని సణిగాను.

రెండేళ్ళు బాగానే గడిచాయి. ఈ వేసవిలో అఫాన్ వదిన ఊడిపడింది.

"ఒసే హోంగయ్, తామరపూలు చూడ్డానికొచ్చేవాళ్ళ కార్లు రోడ్డంతా నిండిపోతున్నాయే. ఆ గుంటలో కంకర పోయించి కార్లు పెట్టిస్తా. లారీవాడితో మాట్లాడేశా."

"పిల్లలు చేతులారా కట్టుకున్నది అక్కా!"

"అయితే? వాళ్ళు కట్టింది కూరవుతుందా? సరే, విను. వచ్చే నెల కోతలపండగ మర్నాడు మనింటి చేపల భోజనానికి చేపలు ఆ గుంటలోంచే రావాలి. చుట్టాలందరికీ సరిపోతే గుంట ఉంచుకో. చాలలేదా, కంకరే."

పండగైనా చావైనా, మర్నాడు అందరూ కూర్చుని చేప తింటేగాని మాకు అది ముగిసినట్టు కాదు. నేల వదినది, మాటా వదినదే. హోంగయ్‌కి అన్నం సహించడం మానేసింది. నాకు కడుపు మండిపోయింది. ఇల్లరికపు మొగుడి కడుపు మండితే ఎవడిక్కావాలి?

ఆ రోజు రానే వచ్చింది. పిల్లలు మొలలోతు నీళ్ళలో దిగి, పైమండలు తీసి, ముక్కోణపు వలలతో పొలుసుచేపల్ని పట్టారు. కొమ్మల మోపుల్ని వలమీద దులిపితే రొయ్యలు చిటపటలాడుతూ రాలాయి. గోలంటే గోల కాదు. రెండు బుట్టలు నిండాయి.

వదిన గట్టుమీంచి తొంగిచూసి పెదవి విరిచింది. "ఊరంత చుట్టాలకి ఇదా? పంటికిందకి రాదు. అడుగు బొంగులు తియ్యండి. బలిసిన వాలుగలన్నీ అక్కడేగా ఉంటాయి!"

పిల్లలు హోంగయ్ వంక చూశారు. హోంగయ్ నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను. తియ్యనంటే మడుగు పోతుంది, తీస్తే రెండేళ్ళ పాఠం పోతుంది. చివరికి హోంగయ్ మెల్లగా నీళ్ళలోకి దిగి, వంగి, ఒక బొంగు మీద చెయ్యి వేసింది.

అంతలో లిసిన్ వచ్చి ఆ బొంగు మీద చతికిలబడింది. ఎవరో కాదు, శనివారం పాఠానికొచ్చే వదిన మనవరాలే. కూతురి కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల. గడ్డం దాకా నీళ్ళు.

"లేవే!" అంది వదిన.

"లేవను."

పెద్దల మాటకు పిల్లలు ఎదురు చెప్పడం మా ఊళ్ళో ఎరగం.

"అమ్మమ్మా, నీ తర్వాత ఈ మడుగు ఎవరిది?"

"మీ అమ్మది. లే ముందు!"

"అమ్మ తర్వాత?"

వదినకు తెలీదూ? ఈ పిల్ల పుట్టిన రోజున మా ఇంటికి వారసురాలొచ్చిందని ఊరంతా తిరిగి చెప్పుకున్న మనిషి.

"నాదేగా! మరి నా చేపలు నువ్వెందుకు తింటావ్? నీవి తిన్నావుగా ఇన్నాళ్ళూ!"

ఎవరో ముసలమ్మ కిసుక్కుమంది. అంతే, గట్టంతా పగలబడి నవ్వింది.

"నీ నోరు పడిపోను! పైకి రా, జలుబు చేస్తుంది," అంది వదిన.

ఆ రెండు బుట్టల చేపల్నే వదిన పెద్ద కుండలో వేసి, చేదాకులు గుట్టలుగా కోసి కలిపి, నీళ్ళు దిమ్మరించింది. మనిషికో ముక్క, గిన్నెడు పులుసు. ఇదేం పులుసు, చెరువునీళ్ళు అని చుట్టాలు గొణిగితే వదిన గయ్యిమంది. "మా మనవరాలి చేపలు! నోరు మూసుకుని తాగండి!" అప్పుడే లారీవాడు ఫోన్ చేశాడు. "కంకర తేవద్దు. ఆ నేల నాది కాదంట, తొమ్మిదేళ్ళ పిల్లదంట," అని పెట్టేసింది.

నేను సంబరంగా హోంగయ్ కోసం వెతికితే, ఇంటి వెనక కూర్చుని ఏడుస్తోంది.

"గెలిచావు కదే, ఏడుపెందుకు?"

"నా చెయ్యి బొంగు మీదే ఉంది, చూడలేదా? అది వచ్చి కూర్చోకపోతే తీసేసేదాన్నయ్యా! దేవుడొచ్చినా తియ్యొద్దని చెప్పింది నేనే."

"పోనీలే."

"పోనీలే ఏంటి!" అంటూ ముక్కు చీదింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. "నేను నేర్పిన పాఠం నాకు రాలేదు గానీ దానికి వచ్చింది. చాల్లే, ఇంకేం కావాలి? వెళ్ళి ఇంకో గిన్నె పులుసు పట్రా."

వెళ్ళాను. అప్పటికే కుండ ఖాళీ.