దర్బారు గడప

భూపాలపల్లి గనుల క్వార్టర్స్‌లో ఉండగానే మా ఆయన పోయాడు. నేను జనగామ వచ్చి ఒక గదిలో అద్దెకు దిగాను. పెళ్లికి ముందు నేర్చుకున్న పని మళ్లీ మొదలుపెట్టాను: పాత కట్టడాల కొలతలు తీసి ప్లాన్లు గీయడం. పురావస్తు శాఖ ఆఫీసరు మొదట అప్పగించింది నర్మెట్ట వైపు ఉన్న ఒక గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు. దొరలు ఎప్పుడో వెళ్లిపోయారు. అందులో నిలిచి ఉన్నది దర్బారు హాలొక్కటే.

రెండు వరుసల టేకు స్తంభాలు, డంగు సున్నం గోడలు, చివర దొర కూర్చునే ఎత్తయిన రాతి గద్దె. రోజంతా పావురాల రెక్కల చప్పుడే. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని టిఫిన్ డబ్బా విప్పినప్పుడు గుర్తొచ్చేది.

రెండో రోజు, వాకిట్లో మేకలు మేపుతున్న తండా ముసలామెను పిలిచాను.

"అవ్వా, జర గీ టేపు కొస పట్టుకుంటవా?"

పట్టుకుంది కానీ గడప దాటలేదు.

"రా అవ్వా, లోపట ఎవ్వరు లేరు."

"మా నాయిన గూడ గీ గడప ఎక్కలే బిడ్డా. చెప్పులు చేతుల వట్టుకొని వాకిట్లనే నిలబడేటోడు. నేను ఆయన ఎనక. దొర మొకం ఎన్నడు కనవడలే, కాళ్లే కనవడేటియి."

గద్దె ఎక్కి కూర్చుని చూశాను. వాకిలి పల్లం, గద్దె ఎత్తు, మధ్యలో ద్వారబంధం పై దూలం బాగా కిందికి ఉంది. నాకూ ఆమె కాళ్లే కనిపించాయి. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఇక్కడ తీర్పులు జరిగాయన్నమాట.

మూడో రోజు ఆమె తనంతట తానే లోపలికి వచ్చింది. స్తంభం తడిమింది.

"గింతేనా? గీనికేనా మేం గంత భయపడ్డది?" అని నవ్వింది. తర్వాత అడిగింది, "ఒక్కదానివే ఉంటవా బిడ్డా?"

"ఒక్కదాన్నే."

తన జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. అప్పుడు మా ఆయన గురించి చెప్పాను. ఆయన పోయాక ఎవరికైనా చెప్పడం అదే మొదలు.

ప్లానులో వాకిట్లో జనం నిలబడే చోటు కూడా గీశాను. "అది అడగలేదు కదమ్మా" అన్నాడు ఆఫీసరు. "ఉండనియ్యండి సార్" అన్నాను. ఉండనిచ్చాడు.

అవ్వకు ఇద్దామని ఒక కాపీ తీసుకుని తండాకు వెళ్లాను. కొడుకు పట్నంలో పనికి పోతూ తల్లిని కూడా తీసుకుపోయాడని పక్కింటామె చెప్పింది. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను. ఆ కాగితం ఇప్పుడు నా గది గోడకు ఉంది. ఇదేమిటని అడగడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు.