బిందె ఎత్తు కొళాయి

ఆ రోజుల్లో నా తలలో బుద్ధి తప్ప మిగతావన్నీ ఉండేవి. లేకపోతే, నాలుగు రోజులకొకసారి కొళాయి వచ్చే ధర్మవరంలో పుట్టి, చిత్రావతి ఏట్లో నీళ్లకంటే ఇసుకనే ఎక్కువసార్లు చూసినవాణ్ణి, సముద్రపు అలల మీద నిలబడాలని ఎందుకు అనుకుంటాను? బెంగళూరులో కొత్త ఉద్యోగం. ఆఫీసువాళ్లతో ఒకసారి మంగళూరు పోయి, అల మీద సర్ఫింగ్ పలక వేసుకుని సరిగ్గా మూడు సెకన్లు నిలబడ్డాను. ఆ మూడు సెకన్లు మూడు నెలలపాటు నన్ను ఎక్కడా నిలవనివ్వలేదు. కుర్చీలో కూర్చుంటే కాళ్లు ఊగేవి. బస్సులో నిలబడితే మోకాళ్లు వాటంతటవే వంగి, చేతులు రెక్కల్లా లేచేవి (పక్కవాళ్లు దూరం జరిగేవారు, సీటు మాత్రం ఎవరూ ఇచ్చేవారు కాదు).

నాయన శెనిక్కాయ మూటలు తోలే పాత పికప్ బండి ఒకటి ఇంటి ముందర ఎండుతూ ఉండేది. దాని వెనక గూడు కట్టించి, లోపల మంచం, పొయ్యి పెట్టుకుంటే, సెలవు దొరికినప్పుడల్లా సముద్రానికి పోవచ్చని నా పథకం. నాయన ఒప్పుకున్నాడు గానీ మెలిక పెట్టాడు. "పంట ఇంటికొచ్చేలోగా ఈ బండి సముద్రం దాకా పోయి రావల్ల. రాకుంటే గూడు పీకి మూటలెత్తిస్తా." నేను కొన్న సర్ఫింగ్ పలక చూసి అవ్వ, "ఏందిరా ఇది, పాడె మాదిరుండాది, గడప దాటించొద్దు" అంది. ఎదురింటి మామ (అమ్మకు తమ్ముడు, నా కష్టాలన్నిటికీ అన్న) మీసం మెలేసి నవ్వాడు. "ఏమబ్బా, చిన్నప్పుడు పలక పట్టమంటే ఏడిస్తివి, ఇప్పుడు పలకెత్తుకోని సముద్రానికి పోతాండావా? ఈ బండి సముద్రం చూస్తే నా మీసం తీసేస్తా, పో!"

గూడు పని హిందూపురంలో ఒక వెల్డింగ్ భాయికి అప్పగించాను. మంచి పనివాడు. కాకపోతే ఆయన జీవితమంతా చేసింది నీళ్ల ట్యాంకర్లు. సముద్రంలోంచి వచ్చాక ఒంటి ఉప్పు కడుక్కోవాలి కాబట్టి పైన మూడు వందల లీటర్ల ట్యాంకు, వెనకవైపు తల ఎత్తున ఒక కొళాయి కావాలని చెప్పాను. అయిదు వారాల తర్వాత చూస్తే మంచం బాగుంది, కిటికీ బాగుంది, బండంతా ట్యాంకర్ల నీలిరంగుతో మెరుస్తోంది, కొళాయి మాత్రం నా మోకాలి దగ్గర ఉంది.

"భాయ్, ఇది స్నానానికి గదా, పైన పెట్టమంటినే?"

"పైన పెడితే బిందె యాడ పెడతారప్పా? ముప్పై ఏండ్లుగా పెడతాండా, ఒక్కరూ తప్పు పట్టలే."

పంట ఇంటికి రావడానికి ఇక వారమే ఉంది. కొళాయి మార్పించే ఓపిక నాకెక్కడిది? శనివారం తెల్లవారగానే ట్యాంకు నింపుకుని, పలక పైన కట్టుకుని బయలుదేరాను. పెనుకొండలో స్కూటరు మీద ఒకాయన పక్కకొచ్చి, "ఈపొద్దు యా వీధికప్పా?" అని అడిగాడు. "మంగళూరుకు" అన్నాను. ఆయన స్కూటరు పక్కకు ఆపేశాడు.

రొళ్లలో టీ తాగడానికి ఆపాను. గ్లాసు సగం అయ్యేసరికి బండి వెనక పదకొండు బిందెలు వరసగా కూర్చున్నాయి. మా సీమలో కొళాయి ఉన్న బండి ఆగితే ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. బిందె పెడతారు, అంతే.

"అమ్మా, ఇది ట్యాంకరు కాదు. ఈ నీళ్లు నా స్నానానికి."

ముందు బిందె పెట్టిన ముసలామె ట్యాంకును, నన్ను కొలిచి చూసింది. "ఎంతమందికప్పా?"

"నాకొక్కనికే."

"నీకొక్కనికా! మడిసివా, ఏనుగువా? ఈడ తాగేదానికే నీళ్లొచ్చి వారమాయె."

కొళాయి తిప్పాను. అది (భాయి చెప్పినట్టే) బిందె మూతికి సరిగ్గా సరిపోయింది. ట్యాంకు సగం కాకముందే బిందెలు ముప్పై అయ్యాయి, వరసలో ముందెవరు, వెనకెవరు అని తగాదా మొదలైంది. ఒక రైతు తన బోరు దగ్గర మళ్లీ నింపిచ్చాడు. ఈలోగా పక్క ఊరికి ఫోన్లు పోయాయి. అక్కడ నేను చేరకముందే రోడ్డు పక్కన బిందెలు నాకోసం నిలబడి ఉన్నాయి. సముద్రం పడమటనే ఉంది, నేను మాత్రం బోరుకూ ఊరికీ మధ్య అలలాగా పోతూ వస్తూ ఆదివారం మధ్యాహ్నం దాకా గడిపాను.

సాయంత్రం తల వంచుకుని ఇల్లు చేరాను. రొళ్లలో ఉన్న మా చుట్టాలు నాకంటే ముందే ఫోన్ చేసి ఉన్నారు. నాయన బండి పైకెక్కి, ట్యాంకు మూత తీసి లోపలికి చూశాడు. చుక్క లేదు. మూత పెట్టి దిగి, "మూటలకు వేరే బండి మాట్లాడినాలే. గూడు ఉండనీ" అని లోపలికి పోయాడు. మామ మాత్రం వదల్లేదు. ఆ రోజు నుంచి నేను వీధిలో ట్యాంకరు దొరనే.

చలికాలంలో మళ్లీ పోయాను, ఈసారి ఖాళీ ట్యాంకుతో. రొళ్లలో ముసలామెకు ట్యాంకు తట్టి, మోగించి చూపించాను. "అయ్యో, పో నాయనా" అని జాలిపడి దారి ఇచ్చింది. మంగళూరులో నాలుగు సెకన్లు నిలబడ్డాను. తర్వాత సగం రోజు బకెట్‌తో సముద్రాన్ని ట్యాంకులోకి మోశాను.

ధర్మవరం చేరిన మర్నాడు కొళాయి రాలేదు. నోట్లో బ్రష్, చేతిలో బిందెతో నా బండి దగ్గరికి మొదట వచ్చింది ఎవరనుకున్నారు? మామ వంగి కొళాయి తిప్పి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకున్నాడు.

"థూ! ఏం నీళ్లురా ఇవి?"

"సముద్రం మామా. నువ్వు రాలేదని అదే వచ్చింది."

మీసం మీద నురగతోనే ఆయన ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు. మీసం తీయమని నేను అడగలేదు. ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, మోకాళ్లు మెట్లు చూసినా ఆలోచనలో పడతాయి. నాలుగు సెకన్లు నీళ్ల మీద నిలబడినవాడు నేనేనా అని నాకే అనుమానం. కానీ మామ మా ఇంటికొస్తే, మంచినీళ్ల చెంబు అందించగానే, ఈనాటికీ ముందు వేలు ముంచి రుచి చూసుకునే తాగుతాడు.