మన కమాన్ కింద

సాలమ్మ చార్మినార్ దాకా వెళ్లి, చార్మినార్ చూడకుండానే తిరిగొచ్చింది. ఈ మాట చెబితే మా కాలనీలో అందరూ నవ్వారు. ఆ సాయంత్రం ఆమె మొహం చూసి ఉండకపోతే నేనూ నవ్వేదాన్నే.

నాచారంలో మా వెనక పోర్షన్‌లోకి వాళ్లు దిగి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. జనగామ దగ్గర పల్లెటూరు. భర్త చంద్రయ్య మందు సీసాలకు మూతలు చేసే కంపెనీలో పని చేస్తాడు. ఒక్కతే కూతురు దుర్గాభవాని, ఒకటో తరగతి. సాలమ్మకు ఈ ఊరంటే భయం. కొత్తచోటు బెరుకు అనుకుంటే పొరపాటు, నిలువునా వణికేంత భయం. ఉప్పల్ చౌరస్తాలో రోడ్డు దాటాల్సి వస్తే, ఎవరైనా ముసలివాళ్లు వచ్చేదాకా ఆగి వాళ్ల వెనకాలే దాటేది. ముసలివాళ్లనైతే బండ్లవాళ్లు గుద్దరని ఆమె లెక్క. మెట్రో స్టేషన్‌లో కదిలే మెట్లు చూసి వెనక్కి వచ్చేసింది. గల్లీలోకి వాటర్ ట్యాంకర్ వస్తే పిల్లను లోపలికి లాగి గడియ పెట్టేది. ఆ గడియ చప్పుడు వినబడితే చాలు, నేను వెళ్లి ఆటపట్టించేదాన్ని.

"నవ్వున్రి అక్కా, నవ్వున్రి," అనేది. "గీ ఊరు మనిషిని మింగినా ఎవ్వరికి ఎర్కగాదు."

ఆ భయంలోంచే ఇంట్లో ఒక కట్టుబాటు పుట్టింది. మా గల్లీ మొదట్లో కాలనీ పేరు రాసిన పెద్ద సిమెంటు తోరణం ఉంది. ఇక్కడ దాన్ని కమాన్ అంటారు. నేను రాజమండ్రి నుంచి వచ్చిన కొత్తలో ఆటో అతను "కమాన్ కాడ ఆపాల్నా మేడం" అంటే, ఆడమనిషిని పట్టుకుని ఇంగ్లీషులో కమాన్ అంటాడేమిటని నడిరోడ్డు మీద అతనితో పోట్లాట వేసుకున్నాను. పాపం, దిగేటప్పుడు కిరాయి కూడా అడగకుండా పారిపోయాడు.

సాలమ్మ రోజూ పిల్లను బడికి పంపేముందు గుమ్మంలో నిలబెట్టి అడిగేది.

"తప్పిపోతె ఏడ నిలబడాలె?"

"కమాన్ కింద."

"ఎవరన్న పిలిస్తె?"

"పోవద్దు."

"నేనొచ్చేదాంక?"

"కదలొద్దు."

దుర్గ ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేది. వినీ వినీ నాకూ నోటికొచ్చేసింది.

ఇలా ఉండగా బడిలో పిల్లలు దుర్గను ఏడిపించారట, హైదరాబాద్‌లో ఉండి చార్మినార్ చూడలేదా అని. చంద్రయ్యను అడిగితే వచ్చే ఆదివారం అనేవాడు. ఆ ఆదివారం వస్తే ఓవర్‌టైం అనేవాడు. చివరికి ఒక ఆదివారం పిల్ల అన్నం ముట్టకుండా మూల కూర్చుంటే, "లే, నేనే తీస్కపోత," అంది సాలమ్మ. ఆధార్ కార్డు చూపిస్తే బస్సులో ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి ఖర్చు సంగతి లేదు. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఆమెకే తెలియదు.

కోఠిలో బస్సు మారి, మదీనా దగ్గర దిగి నడిచారు. ఇసకేస్తే రాలనంత జనం. చెయ్యి పట్టుకుంటే జారుతుందని సాలమ్మ పిల్ల మణికట్టు పట్టుకుంది. తలెత్తి ఏదీ చూడలేదు. పిల్ల కాళ్లనే చూసుకుంటూ నడిచింది. బస్సు దిగిన కాసేపటికి దుర్గ పైకి చూపించి ఏదో చెప్పింది. "ఊఁ, నడు," అంది సాలమ్మ.

చార్మినార్ ఇంకాస్త దూరం ఉందనగా వెనక నుంచి పళ్ల బండి ఒకటి తోసుకొచ్చింది. జనం పక్కకు ఒరిగారు. సాలమ్మ కొంగు ఎవరి సంచికో తగులుకుంది. విడిపించుకోవడానికి ఒక్క క్షణం మణికట్టు వదిలి, మళ్లీ పట్టుకుంది. నాలుగడుగులు వేశాక ఆ చేతికి గాజులు తగిలాయి. దుర్గకు గాజులు లేవు. వంగి చూస్తే ఎవరో పిల్ల బిత్తరపోయి చూస్తోంది. ఆ పిల్ల తల్లి వచ్చి చెయ్యి లాక్కుని ఉర్దూలో తిట్టిపోసింది.

"నా పానం అప్పుడే పోయిందక్కా," అని చెప్పింది నాతో. "దుర్గా అని ఒర్లుదామంటె గొంతుల కెల్లి గాలి దప్ప ఏం రాలె."

వెనక్కి తిరిగి చూసింది. వచ్చిన దారిలో రోడ్డుకు అడ్డంగా పెద్ద కమాన్ కనిపించింది. పిల్ల అక్కడే ఉంటుందని పరుగెత్తింది. దాని కింద ఆటోలున్నాయి, బండ్లున్నాయి, మనుషులున్నారు. దుర్గ లేదు. చంద్రయ్యకు ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. ఆ కంపెనీలో పనివాళ్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు. దుర్గకు నోటికొచ్చిన నంబరు కూడా అదొక్కటే.

అక్కడ ముత్యాల దుకాణం ముందు కూర్చున్న పెద్దాయన్ని అడిగింది. "పసుపుపచ్చ గౌను పిల్ల, కమాన్ కింద గిట్ల నిలబడ్డదా తాతా?"

"ఏ కమాన్ బేటీ?" అన్నాడాయన. "ఈడ నాలుగున్నయి. చార్ కమాన్ అంటరు దీన్ని."

ఆయన చెయ్యి చాపిన వైపు చూసింది. ముందు రోడ్డు నడుమ ఫౌంటెన్ ఉంది. దానికి అటొకటి, ఇటొకటి, ఎదురుగా ఒకటి, వెనక తాను నిలబడ్డది. వచ్చేటప్పుడు వీటిలో ఒక్కటీ ఆమె కంటబడలేదు.

కుడివైపు దానికి పరుగెత్తింది. లేదు. అక్కడే నిలబడదామంటే పిల్ల ఇంకో దాని కింద ఏడుస్తూ ఉందేమోనని భయం. వదిలి వెళదామంటే తాను అటు పోగానే పిల్ల ఇటు వస్తుందేమోనని భయం. మొదటిదాని దగ్గరికి మళ్లీ వెళ్లింది. అక్కణ్ణుంచి ఎడమవైపు దానికి. పసుపుపచ్చ రంగు ఎక్కడ కనబడినా అటు పరుగెత్తేది, అది ఏ దుపట్టానో అయ్యేది. ఎవరో చెయ్యి పట్టుకుని ఏ సందులోకో తీసుకుపోయి ఉంటారనిపించింది. టీవీలో చూసినవన్నీ కళ్లముందుకొచ్చాయి. సాయంత్రం చంద్రయ్య డ్యూటీ దిగి వచ్చి పిల్లేదని అడిగితే ఏం చెప్పాలి?

ఇది ఆమె చెబుతున్నప్పుడు దుర్గ మా గుమ్మంలోనే కూర్చుని ఉంది, అయినా లేచి వెళ్లి ఒకసారి చూసుకుని వచ్చాను.

సాలమ్మ ఫౌంటెన్ పక్కన కూలబడింది. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, వచ్చేటప్పుడు దుర్గ పైకి చూపించి చెప్పిన మాట. తాను ఊఁ, నడు అని కొట్టిపారేసిన మాట.

"అమ్మా, గీడ గూడ మన కమాన్ ఉన్నది సూడు."

అది బస్సు దిగి వస్తున్నప్పటి మాట. అంటే ఫౌంటెన్‌కు అవతల, బస్సు దిగిన వైపున్నది, తాను ఇంకా వెళ్లనిది. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో చూసుకోకుండా పరుగెత్తింది.

ఆ కమాన్ గోడ వారగా బట్టల బండి ఉంది. బండి పక్కన బురఖా వేసుకున్న ఆవిడ ఒకరు నిలబడి ఉన్నారు. ఆవిడ వెనక, వీపు గోడకు ఆనించి, పిడికిళ్లు బిగించుకుని దుర్గ.

"నీ బిడ్డనా అమ్మా?" అందావిడ. "బిస్కట్ ఇస్తే తీస్కోలె. పోలీసుల దగ్గర్కి పోదామంటే గోడ పట్కొని ఏడ్సింది. ఒక్కదాన్ని ఇడ్సిపెట్టి ఎట్ల పోవాలె? నేను గూడ ఈడనే ఉన్న."

సాలమ్మ ముందు పిల్ల వీపు మీద ఒక్కటేసింది. ఆ వెంటనే మోకాళ్ల మీద కూర్చుని గట్టిగా దగ్గరికి లాక్కుంది. అప్పుడు చేతికి తడి తగిలింది. గౌను వెనక, కాళ్లు, చెప్పులు, అన్నీ తడిసి ఉన్నాయి.

దుర్గ తల దించుకుంది.

"ఒంటికొచ్చిందమ్మా," అంది. "నువ్వు కదలొద్దన్నవ్ గదా."