తడి గోనె పక్కన కంప్యూటర్

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇందులో చీకటి ఉంది, ఆర్తనాదం ఉంది, చావు అంచుదాకా వెళ్లి తిరిగొచ్చిన ప్రాణం ఉంది. అని మొదలుపెడదామనుకున్నాను. కానీ చీకటి మానిటర్‌ది, ఆర్తనాదం కంప్యూటర్ డబ్బాది, ప్రాణం కూడా దానిదే. ఇవాళ మధ్యాహ్నం హైదరాబాదులో నా కిరాయి గదిలో ఈ ఎండాకాలానికి మొదటిసారి కూలర్ వేశాను. నీళ్లు తగిలిన గడ్డి వాసన వెనకాలే తడి గోనెసంచి వాసన లాంటిదేదో వచ్చింది. ఇక కూర్చోబుద్ధి కాలేదు. లేచి అటూ ఇటూ తిరిగాను. గది చిన్నది కాబట్టి అది తిరగడం కూడా కాదు, ఊరికే రెండడుగులకోసారి వెనక్కి మలగడం. ఈ వాసనకు అందరికీ ఊరో బాల్యమో గుర్తొస్తాయి. నాకు లలితక్క గుర్తొస్తుంది.

నారాయణపేటలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఆమెది. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను డిప్లొమా పూర్తిచేసి, లోకం నాకోసం ఎదురుచూస్తోందని నమ్మాను. లోకం ఎంతకీ కబురు పెట్టకపోయేసరికి ఆమె దగ్గర పనికి చేరాను. మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి, నలభై దాటిన వయసు, మెత్తగా మాట్లాడటం అలవాటు లేని నోరు. నాకు కుదురు లేదు. బల్లకింద నా కాలు ఊగుతుంటే బల్లమీది స్క్రూలు దొర్లిపోయేవి. "కంప్యూటర్ ఖరాబైతే అదొక్కటే ఖరాబు గావాలె. నువ్వు గూడ అయితే ఇద్దర్ని విప్పి చూడాలె నేను," అనేది.

ఒక ఎండాకాలం అంజన్న ఫోన్ చేశాడు. చీరల అంచులకు డిజైన్లు కంప్యూటర్‌లో గీసి, మగ్గం మీద నేసే మనిషి. "చెల్లె, కంప్యూటర్ పెట్టె ఎక్కుతలేదు, బొమ్మ వస్తలేదు," అన్నాడంతే. మిగతాది దారిలో లలితక్క చెప్పింది. రెండేళ్లుగా గీసిన డిజైన్లన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. మర్నాడు పొద్దున హైదరాబాదు నుంచి చీరల షాపువాళ్లు చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే ఆయన మగ్గానికి ఏడాదంతా పని. చూపించడానికి ఏమీ లేకపోతే మగ్గం ఆపేసి ఎవరి దుకాణంలోనో బట్టలు మడతపెట్టే పనికి పోవాలి.

"మానిటర్ పోయింటది," అని లలితక్క అప్పటికే తీర్పు చెప్పేసింది. అందుకని దుకాణంలోని మానిటర్ నా ఒళ్లో ఉంది. పసిబిడ్డను దవాఖానకు తీసుకుపోతున్నట్టు దాన్ని హత్తుకుని స్కూటీ వెనక కూర్చున్నాను.

అంజన్న మీట నొక్కి చూపించాడు. దీపం వెలిగింది, లోపల ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. కాసేపటికి డబ్బాలోంచి పొడుగ్గా ఒక కూత వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. కూత వచ్చినప్పుడల్లా అంజన్న ఉలిక్కిపడుతున్నాడు. మేం తెచ్చిన మానిటర్ తగిలించాం. అదీ అంతే నల్లగా ఉంది.

"మానిటర్ గాదు," అంది లలితక్క.

"మరెట్లక్కా?"

"ఎట్లేంది, మంచిగైంది. ఒకటి తేలిపాయె."

తన మాట తప్పయిందని ఆమె ముఖంలో చిన్న ముడత కూడా లేదు. నాకు మాత్రం ఆగలేదు. "మొత్తం తుడిచేసి విండోస్ మల్ల కొడ్దామక్కా," అన్నాను.

"బొమ్మనే కనవడ్తలేదు. విండోస్ ఏడ కొడ్తవ్‌రా, గోడకా?"

అంజన్న నా వైపు తిరిగాడు. "అది కొడ్తె నా డిజైన్లుంటయా తమ్మి?"

"ఉండయన్నా," అన్నాను. నాలో నిజాయితీ ఎప్పుడూ అక్కర్లేని చోటే బయటపడుతుంది. ఆయన కుర్చీని కొంచెం జరుపుకుని నాకూ కంప్యూటర్‌కూ మధ్య కూర్చున్నాడు.

లలితక్క మగ్గం పక్కన నేలమీద చతికిలబడి, చాయ్ అడిగింది. ఎదురుగా ఒక మనిషి ఏడాది బతుకు వేలాడుతుంటే చాయ్ ఏమిటని నాకు ఒళ్లు మండింది. రెండు గుక్కలు తాగి, "అన్నా, మొన్న నడిచింది గద. మొన్నటికి ఇయ్యాల్టికి ఇంట్ల ఏం మారింది?" అంది.

"ఏం మారలే చెల్లె."

లోపల వంటగదిలోంచి ఆయన భార్య బాలమణి గొంతు వినిపించింది. "మారకపోవుడేంది? పెట్టెను తెచ్చి తడి గోనె పక్కకు పెట్టింది ఎవరు, మా నాయినా?"

ఎండకు పోగులు తెగకుండా మగ్గాల గదిలో గోనెసంచి తడిపి వేలాడదీస్తారు. కంప్యూటర్ కూడా వేడెక్కుతోందని అంజన్న దాన్ని ఆ గోనెకు ఆనించి పెట్టాడు. "పోగుకే గంత ఎండ తగిలితే, కరెంటు పెట్టెకు తగలదా?" అన్నాడు, బాధగా.

"పోగుకు తడి గావాలె, దీనికొద్దు. రెండూ ఒక్క తల్లికి పుట్టలేదన్నా," అంది లలితక్క.

వైరు పీకి, డబ్బా తెరిచి, స్కేలు ముక్కలా ఉండే ర్యామ్‌ను బయటికి లాగింది. దాని అంచున బంగారు రంగు పళ్లు తేమకు నల్లబడి ఉన్నాయి. పక్కింటి పిల్లల దగ్గర రబ్బరు తెప్పించి, పెన్సిల్ గీత చెరిపినట్టు వాటిని నెమ్మదిగా రుద్దింది. ఆ నెమ్మది చూడలేక నేను మూడుసార్లు గడప దాటి వచ్చాను. తిరిగి బిగించి, మీట నొక్కింది. ఈసారి కూత చిన్నగా, ఒక్కటే వచ్చింది. తెర వెలిగింది. బాలమణి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. అంజన్న తన గ్లాసులో చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

"అయిపాయె, పోదామా అక్కా?"

"కూసో. ఇప్పుడెక్కింది, మల్ల ఎక్కుతనని బాండ్ రాసిచ్చిందా? నీ పెన్‌డ్రైవ్ తియ్యి."

అందులో నా సినిమాలున్నాయి. అవన్నీ ఆమె అక్కడే తుడిచేసి డిజైన్లు ఎక్కించింది. అంజన్నకు తర్వాత వేరే కాపీ ఇచ్చాం. ఆయనే, "తమ్మి తాన గూడ ఒకటి ఉండనియ్యి," అన్నాడు. షాపువాళ్లు వచ్చారు, అంచులు ఎంచుకున్నారు, మగ్గం నడిచింది.

లలితక్క ఇప్పుడు అదే దుకాణంలో ఫోన్ కవర్లు అమ్ముతోంది, కస్టమర్లను అలాగే తిడుతోంది. ఆమె నుంచి నాకు నెమ్మది రాలేదు, కాలు ఇంకా ఊగుతూనే ఉంది. ఆ ప్రశ్న మాత్రం వచ్చింది. దోస్తు ముభావంగా ఉన్నా, ఫోన్‌లో అమ్మ గొంతు తగ్గినా, మొదట నా గదిలో కాసేపు అటూ ఇటూ మలిగి, తర్వాత మొన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందని అడుగుతాను. అడిగినవాళ్లు ఏమీ లేదంటారు. అసలు జవాబు, ఆ రోజు బాలమణిదిలాగే, అడగని మనిషి నుంచి, వంటగదిలోంచి వస్తుంది.

ఆ పెన్‌డ్రైవ్ ఇప్పటికీ నా సంచిలోనే తిరుగుతోంది. అంజన్న రెండేళ్ల పని మొత్తం కలిపినా, నా సినిమాలన్నీ తుడిచి ఖాళీ చేసిన అందులో ఒక్క సినిమా పాట పట్టేంత జాగా కూడా తీసుకోలేదు.