జీవరత్నమ్మ టీచరు వేసిన మార్కులు

జీవరత్నమ్మ టీచరు చేతికి ఎముక లేదు. టెక్కలి బళ్లో ముప్పై ఏళ్లు పనిచేసినా, ఆమె దిద్దిన పేపర్లలో ఫెయిలైనవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే, మూడేళ్లుగా మతిమరుపు జబ్బుతో ఉన్న భర్త జెకర్యాను చూడటానికి వచ్చిన నర్సు చందన ఒక కాగితం తీసి, "మావయ్యగారి గురించి పన్నెండు ప్రశ్నలు టీచరుగారూ. ఒక్కోదానికీ సున్నా నుంచి ఐదు దాకా సెప్పాల" అనగానే, కట్టుకున్న మొగుడికి మార్కులు తగ్గించడమేమిటని అన్నిటికీ ఐదేసి చొప్పున వేసేసింది.

చందన మొత్తం కూడి చూసి నోరు తెరిచింది.

"ఇంత కష్టం ఎలాగ పడతన్నారండీ! ఐదంటే మీకు భరించలేనంత బాధని. ఇది సూత్తే డాక్టరుగారు మత్తుమాత్ర పెంచేత్తారు. సాయంత్రమయితే మావయ్యగారింక మంచం దిగరు."

టీచరు కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నేళ్ల సర్వీసులో మార్కులు తప్పుగా వేయడం ఇదే మొదటిసారి.

"ఆ మార్కులన్నీ కొట్టీ, కొట్టీ. మళ్లీ మొదట్నించి అడుగు."

ఈసారి నిక్కచ్చిగా చెప్పింది. కోపానికి రెండు. అనుమానానికి మూడు, నిన్ననే పళ్లసెట్టు నువ్వే దాచేశావని పెద్ద రభస చేశాడు మరి.

"ఇంట్లోంచి ఎల్లిపోతారా? ఎన్నిసార్లు?"

"రోజూ. ఐదు గంటలకి."

జెకర్యా ఒకప్పుడు పలాసలో జీడిపిక్కల కార్ఖానాలో పనిచేసేవాడు. షిఫ్టు దిగి, చేతులకంటిన జీడినూనె మరకలైనా వదిలించుకోకుండా సైకిలేసుకుని హైవే స్టాపుకొచ్చేవాడు. టెక్కలి బస్సు దిగిన ఆమె సంచి హ్యాండిలుకు తగిలించి, సైకిలు నడిపించుకుంటూ పక్కన నడిచేవాడు. ఎక్కితే ఇల్లు తొందరగా వచ్చేస్తుందని ఆయన బెంగ. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు ఇంట్లో ఎదురుగా తిరిగే ముసలామె ఎవరో ఆయనకు తెలియదు. ఐదయ్యేసరికి స్టాపుకు వెళ్లి నిలబడతాడు. ఆమె సంచి పట్టుకుని వెనకే వెళ్లి, బస్సు ఆగగానే దిగినవాళ్లలో కలిసి ఎదురొస్తుంది.

"లేటయ్యిందేటి రత్నం?" అంటూ సంచి అందుకుంటాడు.

రోజు మొత్తమ్మీద ఆయన ఆమెను గుర్తుపట్టేది ఆ ఒక్కసారే.

"మరి దీనికి మీ బాధ ఎంతెయ్యమంటారు?" చందన పెన్ను పట్టుకుని అడిగింది.

"సున్నా ఎయ్యి." టీచరు గోడ గడియారం చూసి సంచి అందుకుంది. "ఆయన ఎల్లని రోజొకటొత్తాది కదమ్మా, ఆ రోజు ఐదెయ్యి."